రెండో డిగ్రీకి డబ్బు సమకూర్చుకోవడం ఎలా? కర్నూలు, అనంతపురం, కడప విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఒక డిగ్రీ చేతిలో ఉంది. ఇప్పుడు బీఈడీ, న్యాయశాస్త్రం లేదా పూర్తిగా వేరే డిగ్రీ చదవాలి. ఫీజుకు సహాయం ఎక్కడ దొరుకుతుంది? కర్నూలులో ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవారిలో చాలామంది అప్పటికే సీటు తీసుకుని, మొదటి విడత ఫీజు కట్టేసి వస్తారు. అప్పుడు నేను చెప్పగలిగేది చాలా తక్కువ.

రెండో డిగ్రీకి సహాయం వస్తుందా, రాదా అన్నది దరఖాస్తు నింపే రోజున తేలేది కాదు. ఏ కోర్సు, ఏ కోటా, ఏ కళాశాల అని ఎంచుకున్న రోజే తేలిపోతుంది. అందుకే ఇక్కడ దరఖాస్తు అయిదో అడుగులో వస్తుంది. దాని ముందున్న నాలుగింటిని దాటవేయకండి.

1. ముందు ‘అదే దశ’ నియమం తెలుసుకోండి

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక నియమం ఉంది. ఒక దశ చదువు పూర్తిచేసి, మళ్లీ అదే దశలో వేరే సబ్జెక్టు చదివేవారికి స్కాలర్‌షిప్ లేదు. అక్కడ ఇచ్చిన ఉదాహరణ కూడా సూటిగానే ఉంటుంది: బీఏ తర్వాత బీకాం. ప్రభుత్వం ఇచ్చే చాలా ఉపకార వేతనాలు ఇదే సూత్రం మీద నడుస్తాయి.

కాబట్టి ‘రెండో డిగ్రీ’ అనే మాటను మూడు రకాలుగా విడదీసి చూడాలి.

- ఇంటర్ అర్హతతో మళ్లీ మొదటి సంవత్సరంలో చేరే డిగ్రీ. బీకాం తర్వాత బీఏ, బీఎస్సీ తర్వాత బీసీఏ ఈ కోవలోకి వస్తాయి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోకండి. ఏడు, తొమ్మిదో అడుగులు మీ కోసమే.
- డిగ్రీ ఉంటేనే చేరనిచ్చే కోర్సు. రెండేళ్ల బీఈడీ, మూడేళ్ల ఎల్ఎల్‌బీ. పేరులో బ్యాచిలర్ అని ఉన్నా, వీటికి ప్రవేశార్హతే డిగ్రీ. కన్వీనర్ కోటాలో (అంటే ప్రవేశ పరీక్ష రాసి, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటులో) చేరి, మిగతా అర్హతలున్నవారు ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.
- నేరుగా రెండో సంవత్సరంలో చేరే కోర్సు. గణితంతో బీఎస్సీ చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఏ సహాయమూ రాకపోయినా ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది హాస్టల్ ఖర్చు మిగిలినట్టే.

బీఈడీ చేసినవారు ఆపైన ఎల్ఎల్‌బీ చదవాలనుకుంటే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. ఒక వృత్తి విద్య మీద సహాయం పొంది మరో వృత్తి విద్యకు మారడం అన్నది వేరే ప్రశ్న. చేరకముందే జిల్లా సాంఘిక సంక్షేమ లేదా బీసీ సంక్షేమ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాటగా వచ్చిన ‘వస్తుందిలే’ ఆ తర్వాత ఏ అధికారి ముందూ చెల్లదు.

2. కోర్సు మార్చితే దారి తెరుచుకుంటుందేమో చూడండి

పత్తికొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బీకాం పూర్తయింది, కంప్యూటర్ రంగంలోకి వెళ్లాలని బీసీఏ చేరబోతున్నాడు. మూడేళ్ల చదువు, స్కాలర్‌షిప్ లేదు. ఇంటర్‌లో ఏ గ్రూపు అని అడిగితే గణితం ఉన్న గ్రూపే చెప్పాడు. అలాంటప్పుడు ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయవచ్చు కదా అన్నాను. అది పీజీ. దశ మారింది కాబట్టి ‘అదే దశ’ నియమం అడ్డురాదు, పైగా ఒక ఏడాది తక్కువ. ఆ సాయంత్రం వరకూ అతనికి ఆ దారి ఉందని ఎవరూ చెప్పలేదు.

మీరు కూడా ఒక కాగితం మీద ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

- నాకు కావలసింది డిగ్రీ పట్టానా, లేక ఒక నైపుణ్యమా? నైపుణ్యమే అయితే ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సులు ఉచితంగా చదవవచ్చు. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష ఫీజు మాత్రమే కట్టాలి.
- నేను వెళ్లాలనుకున్న ఉద్యోగానికి పీజీతో దారి ఉందా?
- మొదటి డిగ్రీలో చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు కొత్త విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకుంటుందా? అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (చదివిన క్రెడిట్లను భద్రపరిచే ఆన్‌లైన్ ఖాతా) మీ క్రెడిట్లు ఉంటే ప్రవేశాల విభాగాన్ని తప్పకుండా అడగండి.

న్యాయవాది కావాలన్నా, హైస్కూలులో టీచరు కావాలన్నా వేరే అడ్డదారి లేదు, ఆ డిగ్రీయే చదవాలి. అలాంటివారు నేరుగా మూడో అడుగుకు వెళ్లండి.

3. సీటు ఏ దారిలో వచ్చిందో చూసుకోండి

ఫీజు రీయింబర్స్‌మెంటుకు కన్వీనర్ కోటా సీటే కావాలి. మేనేజ్‌మెంట్ కోటా, దూరవిద్య, కరస్పాండెన్స్ కోర్సులకు అది వర్తించదు.

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. నేను బీకాం తర్వాత ఎల్ఎల్‌బీ చదివాను. కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది. ఒక కళాశాలవారు నేరుగా సీటు ఇస్తామన్నారు, రీయింబర్స్‌మెంటు సంగతి తామే చూసుకుంటామన్నారు. నమ్మి చేరాను. డిసెంబరులో జాబితా వచ్చింది, అందులో నా పేరు లేదు. మూడేళ్ల ఫీజూ మా నాన్న వేరుశనగ అమ్మిన డబ్బుతో కట్టారు. ఒక్క ఏడాది ఆగి మళ్లీ లాసెట్ రాసి ఉంటే ఆ భారం ఆయన మీద పడేది కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అందుకే సీటు తీసుకోబోయే ప్రతి ఒక్కరినీ ముందు అలాట్‌మెంట్ ఆర్డర్ చూపించమని అడుగుతాను.

సీటు ఖాయం చేసుకునే ముందు ఇవి చూడండి.

- అలాట్‌మెంట్ ఆర్డర్ మీద కన్వీనర్ పేరుతో కేటాయింపు ఉందా?
- ఆ కోర్సుకు ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు ఎంత? కళాశాల అడుగుతున్నది ఎంత? తేడా దేనికి? ఆ తేడాకు రసీదు ఇస్తారా?
- రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే పరీక్ష ఫీజు కట్టించుకుంటారా, ఆపుతారా?
- గత ఏడాది ఇదే కోర్సులో రీయింబర్స్‌మెంటు పొందిన సీనియర్ ఎవరైనా ఉన్నారా? ఆఫీసు గదిలో కాకుండా క్యాంటీన్ దగ్గర అడగండి.

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వారు ఎస్వీయూ ప్రాంతంలో స్థానికులు. కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే. బెంగళూరులోనో బళ్లారిలోనో కొన్నేళ్లు చదివినవారు మాత్రం స్టడీ సర్టిఫికెట్లు ముందే తెప్పించుకుని, తమ స్థానికత ఎక్కడిదో సరిచూసుకోవాలి.

మరో చిక్కు, మొదటి కళాశాలలో బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేయడం. కళాశాలలు ఒరిజినళ్లను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018 అక్టోబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చి, దాని నకలు మీద స్టాంపు వేయించుకోండి. బాకీ నిజమే అయితే వాయిదాలు అడగండి. రెండూ కలిపి చేస్తే త్వరగా తెములుతుంది.

4. కాగితాలు: ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే

అర్హత ఉండి కూడా డబ్బు రానివారిని చూస్తే, కారణం చాలాసార్లు ఒక అక్షరమో ఒక ఖాతా నంబరో అయి ఉంటుంది. అందుకే ఈ అడుగు మీద ఎక్కువసేపు నిలబడదాం.

పేరు. పదో తరగతి మెమోలో ‘పి. రమాదేవి’, ఆధార్‌లో ‘పసుపుల రమాదేవి’, బ్యాంకులో ‘రమాదేవి పి’. మనకు ముగ్గురూ ఒకరే. కంప్యూటరుకు ముగ్గురూ వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమో మార్చడం కష్టం కాబట్టి దాన్నే ప్రమాణంగా పెట్టుకుని, ఆధార్‌నూ బ్యాంకు ఖాతానూ దానికి అనుగుణంగా సరిచేయించండి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీని ఒక్కసారే. కేంద్రంలో రసీదు చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి ప్రతి అక్షరం చదవండి.

పెళ్లయిన మహిళలు. రెండో డిగ్రీకి వచ్చేవారిలో వీరు చాలామంది. ఆదాయ ధ్రువపత్రం నాన్న పేరు మీద తేవాలా, భర్త పేరు మీదా? ఉద్యోగం లేని వివాహిత విషయంలో భర్త ఆదాయాన్నే లెక్కించాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ రైస్ కార్డులో పేరు ఇంకా పుట్టింట్లోనే ఉంటుంది, సచివాలయంలో సర్వే మరో ఇంట్లో చూపిస్తుంది. ముందు కార్డులో పేరు మార్పించుకోండి, ఆ తర్వాతే ఆదాయ ధ్రువపత్రానికి వెళ్లండి. ఈ వరుస తిరగబడితే రెండు పనులూ మళ్లీ మొదటికి వస్తాయి.

ఉద్యోగం చేస్తున్నవారు. మీ జీతం, తల్లిదండ్రుల ఆదాయం కలిపి పరిమితికి లోబడి ఉంటే, తిరిగి ఇవ్వని తప్పనిసరి ఫీజుల మేరకు సహాయం పొందవచ్చని ఎస్సీ పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో ఉంది. జీతం దాచకండి.

బ్యాంకు ఖాతా. ఖాతాకు ఆధార్ నంబరు ఇవ్వడం ఒకటి, ఆధార్ ద్వారా వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో నమోదు కావడం మరొకటి. రెండోదాన్ని ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అంటారు. చివరగా ఏ ఖాతాను మ్యాప్ చేశారో డబ్బు అందులోనే పడుతుంది. ఎప్పుడో ఫోనులో తెరిచి మరచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడిందని ఆర్నెల్ల తర్వాత తెలిసినవారు ఉన్నారు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో కనిపిస్తుంది. మీ ఖాతా ఒకప్పటి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుదైతే, 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఏదో శాఖలో అడిగి రాసుకోండి.

జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. డోన్, నంద్యాల వైపు వారు నంద్యాల జిల్లా, హిందూపురం, కదిరి వైపు వారు శ్రీ సత్యసాయి జిల్లా. పాత కుల ధ్రువపత్రం మీద పాత జిల్లా పేరు ఉండటం తప్పు కాదు. దరఖాస్తులో మాత్రం ఇప్పటి జిల్లా, మండలం ఎంచుకోండి. లేకపోతే మీ దరఖాస్తు మీకు సంబంధం లేని కార్యాలయానికి వెళ్తుంది.

కాగితాల సంచి సిద్ధమైందా?

- పది, ఇంటర్ మెమోలు, మొదటి డిగ్రీ ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో
- టీసీ, స్టడీ సర్టిఫికెట్లు
- కుల ధ్రువపత్రం లేదా ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం
- తాజా ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డు
- ఆధార్, మ్యాప్ అయిన ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ
- అలాట్‌మెంట్ ఆర్డర్, చేరిక నివేదిక, ఫీజు రసీదులు
- అన్నింటికీ మూడేసి జిరాక్సులు, ఫోనులో ఫొటోలు

5. ప్రభుత్వ సహాయానికి దరఖాస్తు: ఏది ముందు, ఏది తర్వాత

రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు జ్ఞానభూమి వెబ్‌సైటు ద్వారా నడుస్తుంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించకూడదు. భూమి మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై అయిదెకరాల లోపు ఉండాలి. మనవైపు మెట్ట భూమి ఎక్కువ కాబట్టి వెబ్‌ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో, మీ పొలం ఏ రకంగా నమోదైందో చూసుకోండి. మెట్టను మాగాణిగా రాసి ఉంటే అర్హతే పోతుంది.

1. కళాశాలలో చేరిన వెంటనే మీ వివరాలు జ్ఞానభూమిలో నమోదు చేశారా అని అడగండి. నమోదు చేసేది కళాశాలే.
2. మొదటి డిగ్రీ నాటి పాత నమోదు ముగిసినట్టు చూపిస్తోందా? లేకపోతే పాత కళాశాల లాగిన్ నుంచి దాన్ని ముగింపజేయాలి. రెండో డిగ్రీ వాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇదే.
3. సచివాలయంలో వేలిముద్ర పడాలి. వెల్ఫేర్ అసిస్టెంటును కలిసి, పరిశీలన జాబితాలో మీ పేరు ఉందో లేదో కళ్లారా చూడండి.
4. హాజరు 75 శాతం తగ్గనివ్వకండి. పగలు ఉద్యోగం, రాత్రి చదువు అనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.
5. కేంద్ర పథకాలకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఆ నంబరు జీవితాంతం ఒక్కటే. పాతది మరచిపోయి కొత్తది తెరవబోతే ఆధార్ దగ్గరే ఆగిపోతుంది.

మొదటి డిగ్రీ సంగతి దాచమని ఇంటర్నెట్ సెంటర్లలో సలహా ఇచ్చేవారుంటారు. వినకండి. ఆధార్ ఒక్కటే, టీసీ ఒక్కటే, పాత నమోదు అక్కడే ఉంటుంది. బయటపడితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి, ఆపైన రావలసిన పీజీ స్కాలర్‌షిప్ కూడా చిక్కులో పడుతుంది.

6. కుటుంబాన్ని బట్టి, మిమ్మల్ని బట్టి దొరికేవి

ఇవి అందరికీ కాదు, కానీ అర్హులైనవారే చాలాసార్లు వీటి పేరు వినలేదంటారు.

మాజీ సైనికుల పిల్లలు, భర్తను కోల్పోయిన సైనిక కుటుంబ స్త్రీలు. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ‘మొదటి వృత్తి విద్యా డిగ్రీ’కి వర్తిస్తుంది. ఆ మాట జాగ్రత్తగా చదవండి. మొదటి డిగ్రీ అనలేదు, మొదటి వృత్తి విద్యా డిగ్రీ అన్నారు. బీఎస్సీ చేసి బీఈడీలో చేరినవారికి బీఈడీయే మొదటి వృత్తి విద్య. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వయసు, కోర్సుల జాబితా చూసి దరఖాస్తు చేయండి.

ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరిన అమ్మాయిలు. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ మొదటి ఏడాది వారితో పాటు ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికీ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల వరకు. వైకల్యం ఉన్నవారికి ఇలాంటిదే సక్షమ్ అనే పథకం.

గని, బీడీ కార్మికుల పిల్లలు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి గనుల్లో పనిచేసేవారి పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ సహాయం ఉంది. కోర్సు స్థాయిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా ఇస్తారు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే.

ఒకేసారి రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదు. ఎక్కువ వచ్చేదేదో ముందే లెక్కవేసి ఒకటే ఎంచుకోండి.

7. విద్యారుణం: రెండో డిగ్రీవారు బ్యాంకుకు వెళ్లే పద్ధతి

రెండో డిగ్రీకి రుణం ఇవ్వకూడదన్న నియమం లేదు. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో వయోపరిమితి కూడా లేదు. 4 లక్షల దాకా మీ వాటాగా ఏమీ పెట్టనక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకుండా ఇచ్చేందుకు రుణ హామీ నిధి ఉంది. చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు, తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఉంటుంది.

వడ్డీ రాయితీ మాత్రం వేరే సంగతి. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి కేంద్రం ఇచ్చే పూర్తి వడ్డీ రాయితీ జీవితంలో ఒక్కసారే, అదీ మొదటి డిగ్రీకి లేదా పీజీకి. రెండో డిగ్రీకి అది లేదు. బీసీఏ బదులు ఎంసీఏ చూడమని రెండో అడుగులో అన్నది ఇందుకు కూడా. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, ఎంపికైన ఉన్నత విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు అందులో ఉన్నాయి కాబట్టి మనవైపు కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం, అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయం వస్తాయి. మీ కళాశాల జాబితాలో ఉందో లేదో ఆ వెబ్‌సైటులోనే చూడవచ్చు.

రాయితీ లేని రుణం ఎంత భారమో ఒకసారి లెక్క చూద్దాం. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి ఏడాదికి 50,000 చొప్పున లక్షన్నర తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం అనుకుందాం. వాయిదాలు మొదలయ్యేది నాలుగేళ్ల తర్వాత.

- మొదటి 50,000 మీద నాలుగేళ్ల వడ్డీ: 20,000
- రెండో 50,000 మీద మూడేళ్ల వడ్డీ: 15,000
- మూడో 50,000 మీద రెండేళ్ల వడ్డీ: 10,000

మొత్తం 45,000. అంటే తీర్చడం మొదలుపెట్టే నాటికి బాకీ 1,95,000. చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఈ గుట్ట పెరగదు. అలా కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 417 రూపాయలే, ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పినా సరిపోతుంది.

దీన్ని ఊళ్లో అప్పుతో పోల్చండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అదే 50,000 మీద నెలకు వెయ్యి. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగడం విసుగే, కానీ ఆ తిరుగుడు విలువ ఇంత ఉంది.

బ్యాంకుకు వెళ్లేముందు

- ముందు తండ్రి సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా తీర్చారో చూపే అంకె) చూడండి. ఆయనే సహ దరఖాస్తుదారు. మనవైపు ఎక్కువగా అడ్డుపడేది రెన్యువల్ చేయని పంట రుణం. వర్షం లేక వేరుశనగ పోయిన ఏడాది వడ్డీ కట్టలేదు, ఖాతా మొండిబకాయిలోకి వెళ్లింది. ముందు దాన్ని రెన్యువల్ చేయించి, కొన్ని వారాలు ఆగి దరఖాస్తు పెట్టండి.
- కళాశాల నుంచి సంవత్సరాలవారీ ఫీజు పత్రం, బోనఫైడ్ తెచ్చుకోండి.
- విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసి, ఆ నంబరుతో శాఖకు వెళ్లండి. నోటితో అడిగితే నోటితోనే లేదంటారు.

మేనేజరు తప్పకుండా అడిగేది ఒకటే: మళ్లీ డిగ్రీ ఎందుకు? దానికి ఒక పేజీ జవాబు రాసి దరఖాస్తుకు జతచేయండి. ఇలా ఉంటే చాలు:

‘నేను 2021లో బీకాం పూర్తిచేశాను. మూడేళ్లుగా ఒక ఆడిటర్ కార్యాలయంలో నెలకు 11,000 జీతంతో పనిచేస్తున్నాను. పన్ను వివాదాల్లో కోర్టులో వాదించాలంటే న్యాయశాస్త్ర పట్టా తప్పనిసరి. లాసెట్ ద్వారా కన్వీనర్ సీటు వచ్చింది. మొత్తం ఖర్చు ఇంత, నా పొదుపు ఇంత, కోరుతున్న రుణం ఇంత. చదువుకునే కాలంలో వడ్డీ నెలనెలా కడతాను.’

ఆశయాల గురించి ఎక్కువ రాయకండి. మొదటి డిగ్రీకి, ఇప్పటి పనికి, రెండో డిగ్రీకి మధ్య ఉన్న లంకె కనిపించాలి, అంకెలు కనిపించాలి.

రుణం తీర్చేటప్పుడు, పాత పన్ను విధానంలో ఉన్నవారికి కట్టిన వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు దొరుకుతుంది.

8. బ్యాంకు కాకుండా

ఎస్సీ, బీసీ, మైనారిటీ వర్గాలకు జాతీయ ఆర్థికాభివృద్ధి సంస్థలు తక్కువ వడ్డీకి విద్యారుణాలు ఇస్తాయి. ఇవి నేరుగా ఇవ్వవు, రాష్ట్ర కార్పొరేషన్ల ద్వారా ఇస్తాయి. కలెక్టరేట్ ప్రాంతంలో ఉండే ఆయా కార్పొరేషన్ కార్యాలయాల్లో ఈ ఏడాది లక్ష్యం ఉందా అని అడగండి. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే స్త్రీనిధి రుణం సంగతి సంఘ సమావేశంలోనే అడగవచ్చు. బంగారం తాకట్టు మొదటి విడత ఫీజుకు, రెండు మూడు నెలల గండం గట్టెక్కడానికి పనికొస్తుంది. దాని మీద మూడేళ్ల చదువు నడపకండి.

9. ఇంటర్ అర్హతతో మళ్లీ డిగ్రీ చదివేవారికి

స్కాలర్‌షిప్ దారి మూసుకుపోయింది కాబట్టి ఖర్చు తగ్గించడమే మీకు దొరికే సహాయం. కర్నూలు సిల్వర్ జూబిలీ, కేవీఆర్ మహిళా కళాశాల, అనంతపురం ఆర్ట్స్ కళాశాల, కడప పురుషుల కళాశాల వంటి ప్రభుత్వ కళాశాలల్లో ఫీజు ప్రైవేటు కళాశాలల కన్నా బాగా తక్కువ. ఉద్యోగం మానకుండా చదవాలంటే ఇగ్నో వంటి దూరవిద్య. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక రెగ్యులర్ కోర్సు, ఒక దూరవిద్య కోర్సు ఒకేసారి చదవవచ్చు. కాబట్టి, అది న్యాయ కోర్సు కాకపోతే, సహాయం దొరికే కోర్సును రెగ్యులర్‌గా, ఇష్టమైన రెండో డిగ్రీని దూరవిద్యలో పెట్టుకోవచ్చు. ఇది చాలామందికి తట్టని మార్గం.

10. కాదన్నప్పుడు ఏం చేయాలి

స్కాలర్‌షిప్ ఆగితే: ఏ దశలో ఆగిందో ముందు తెలుసుకోండి. కళాశాల లాగిన్‌లోనా, సచివాలయంలోనా, జిల్లా కార్యాలయంలోనా? ఆ దశకు బాధ్యుడైన అధికారికే అర్జీ ఇవ్వండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి, అర్జీ నంబరు తీసుకోండి.

బ్యాంకు కాదంటే: కారణం రాతపూర్వకంగా అడగండి. విద్యారుణ దరఖాస్తును పై అధికారి సమ్మతి లేకుండా శాఖలో తిరస్కరించకూడదు. మీ ఊరు మా శాఖ పరిధిలో లేదన్న కారణమూ చెల్లదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తర్వాతి మెట్టు జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేయండి.

11. ఏ నెలలో ఏ పని

- జనవరి, ఫిబ్రవరి: ‘అదే దశ’ నియమంతో కోర్సు సరిచూసుకోవడం. ఆధార్, బ్యాంకు, పదో తరగతి మెమోలో పేర్లు కలపడం. తండ్రి పంట రుణం రెన్యువల్.
- మార్చి, ఏప్రిల్: ఎడ్‌సెట్, లాసెట్, ఐసెట్, ఈసెట్ దరఖాస్తులు. మొదటి కళాశాల నుంచి టీసీ, ఒరిజినళ్లు.
- మే, జూన్: పరీక్షలు. ఆదాయ ధ్రువపత్రం, కార్డులో పేరు మార్పులు.
- జూలై నుంచి: కౌన్సెలింగ్. న్యాయ కోర్సులది తరచూ ఆలస్యమవుతుంది, కంగారుపడి నేరుగా సీటు కొనుక్కోకండి.
- చేరిన వారంలో: జ్ఞానభూమి నమోదు, పాత నమోదు ముగింపు, సచివాలయంలో వేలిముద్ర, విద్యాలక్ష్మి దరఖాస్తు.
- ఆ తర్వాత ప్రతి నెలా మొదటి శనివారం: హాజరు శాతం, దరఖాస్తు ఏ దశలో ఉందో చూసి, తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం. కార్యాలయానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి. ఎవరిని, ఏ తేదీన కలిశారో, ఏమన్నారో చదివి వినిపిస్తే ‘మళ్లీ రండి’ అని పంపించడం వాళ్లకు అంత సులువు కాదు.